దేవదానం మాస్టారు అనని మాట

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఎల్లుండి నా కొడుకు పెళ్లి. ఆ అబద్ధం ఆడకపోయి ఉంటే ఈ పెళ్లి జరిగేది కాదు. ఇంతకంటే సూటిగా చెప్పడం నాకు చేతకాదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకి చెప్పుకోగలిగే సంగతైతే ఎప్పుడో చెప్పుకునేదాన్ని. పేర్లు మార్చి రాద్దామనుకున్నాను. మారిస్తే మళ్లీ అబద్ధంతోనే మొదలుపెట్టినట్టవుతుందని మానేశాను. నా పేరొక్కటీ రాయను. ఆ మాత్రం పిరికితనం ఇంకా మిగిలి ఉంది.

నేనేం చేశాను? ఎవరి సొమ్మూ ఎత్తుకురాలేదు. ఎవరి కొంపకీ నిప్పుపెట్టలేదు. ఒక మనిషి చెప్పిన మాటని ఇంకో మనిషికి చేరవెయ్యమని నన్ను పంపారు. దారిలో ఆ మాట మార్చేశాను. అంతే. ఈ ‘అంతే’ అన్నదాన్ని పట్టుకునే చాలా ఏళ్లు బతికాను. పని చేసుకుంటూ, నీళ్లు మోసుకుంటూ, పిల్లాడికి అన్నం పెట్టుకుంటూ, ‘ఒక్క మాటే కదా, అంతే కదా’ అనుకునేదాన్ని. అలా అనుకున్న రోజు కాస్త నిద్రపట్టేది.

మాది బందరు కాలవ పక్కన నేతవాళ్ల వీధి. నాకు ఇరవై రెండో ఏట మా ఆయన పోయాడు. మూడేళ్ల కోటేశుని చంకనేసుకుని అన్నయ్య ఇంటికొచ్చాను. అన్నయ్య ఒక్క మాట అనలేదు. వదినా అనలేదు. అననందుకే మరీ భయంగా ఉండేది. ఒకరి ఇంట్లో తినే అన్నం ఎలా ఉంటుందో తినేవాళ్లకే తెలుస్తుంది. ఇంకొంచెం కూర వేసుకోవాలనిపిస్తే ముందు గిన్నెలో ఎంత ఉందో చూసుకుంటాం. తర్వాత వదిన మొహం చూస్తాం. చివరికి వద్దులే అని చెయ్యి కడుక్కుంటాం.

నేనొచ్చిన ఏడాదే అన్నయ్యకి కూతురు పుట్టింది. నాంచారి అని పేరు పెట్టారు. పొత్తిళ్లలో చుట్టి నా చేతికిస్తే, వీధి ఆడవాళ్లంతా ‘ఇదిగోనే, నీ కోడలొచ్చింది’ అని వేళాకోళం చేశారు. మేనకోడలు మేనత్త కొడుక్కే అన్నది మాలో అందరూ అనుకునేదే. నాకు మాత్రం అది వేళాకోళంగా వినిపించలేదు. ఆ పిల్ల నా కోడలైతే నేను ఈ ఇంటికి పరాయిదాన్ని కాను. నన్నెవరూ పొమ్మనలేరు. బారెడు పసిగుడ్డుని చేతుల్లో పెట్టుకుని నేను ఆలోచించింది ఇదీ. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

ఏడేళ్లొచ్చాక నాంచారి పరికిణీ అంచులు పీకడం మొదలుపెట్టింది. రోజూ బడినుంచి వచ్చేసరికి అంచు చెదిరిపోయి దారాలు వేలాడుతుండేవి. నేతవాళ్ల ఇంట్లో బట్ట పాడుచేస్తే అన్నం నేలపాలు చేసినట్టే. వదిన రెండు దెబ్బలు వేసింది. పిల్ల ఏడవలేదు. ‘బడిలో ఏం తోచట్లేదమ్మా. మాస్టారు చెప్పేవన్నీ నాకొచ్చినవే. అందరూ అయిందనేదాకా ఊరికే కూచోవాలి. అందుకని దారాలు లాగి లెక్కపెట్టుకుంటన్నా’ అంది. వదిన నమ్మలేదు. ఇంకో దెబ్బ వెయ్యబోయింది. అన్నయ్య మగ్గం గుంటలో కూచునే ఆ మాట విని నేత ఆపేశాడు.

అన్నయ్యకి చదువు రాదు. బెజవాడ కొట్లకి బట్ట తీసుకెళ్లినప్పుడల్లా అక్కడి గుమాస్తా రాసిందే రాత. ఒకసారి నాంచారిని వెంట తీసుకెళితే, ఆ పిల్ల దారిపొడుగునా కొట్ల మీది బోర్డులు కూడబలుక్కుని చదివిందట. ఆ సంగతి వారం రోజులు వీధిలో అందరికీ చెప్పుకున్నాడు. అలాంటి మనిషి కూతురు బడంటే విసుగంటే ఊరుకుంటాడా? నన్ను పిలిచాడు.

‘నువ్వెళ్లి మాస్టారితో మాట్లాడి రామ్మా. నువ్వన్నా కాస్త చదువుకున్నావు. నాకు ఆయన ముందు నోరు పెగలదు’ అన్నాడు.

కాలవ గట్టు మీద మిషను వాళ్ల బడి. ఒకటే గది. ఐదు తరగతులకీ ఒక్కరే మాస్టారు, దేవదానం గారని. చిన్నప్పుడు నేనూ ఆ బడిలోనే మూడు తరగతులు చదివాను, అప్పటికి ఈయన రాలేదు. మధ్యాహ్నం పిల్లలంతా అన్నాలకి ఇళ్లకి పరిగెత్తాక వెళ్లాను. కోటేశు కూడా వెళ్లిపోయాడు. వాడూ నాంచారీ ఒకే తరగతి. వాడు మూడేళ్లు పెద్ద. అయినా ఒకే తరగతి. నాంచారిని వాకిట్లో చెట్టు కింద కూచోమని చెప్పి నేను లోపలికెళ్లాను.

మాస్టారు సన్నగా ఉండేవారు. మోచేతుల దగ్గర అతుకులేసిన కోటు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. అన్నయ్య ఇంట్లో తలదాచుకున్న విధవని, నాకోసం ఎవరూ లేచి నిలబడిన గుర్తులేదు.

‘మా పిల్ల బడిలో విసుక్కుంటోందటండీ. అల్లరేమన్నా చేస్తోందేమో కనుక్కుని రమ్మన్నాడు మా అన్నయ్య’ అన్నాను.

ఆయన నవ్వారు.

‘అల్లరి చేసినా బాగుండునమ్మా. అదీ చెయ్యదు. నేను లెక్క చెప్పడం ముగించేలోపల చేసేసి, పలక బోర్లించి కూచుంటుంది. మూడో తరగతి లెక్కలిచ్చి చూశాను, అవీ చేసింది. మొన్న పెద్దపిల్లలకి బోర్డు మీద భాగహారం చేస్తుంటే వెనకనుంచి “మాస్టారండీ, అక్కడ మూడు కాదండీ, నాలుగు” అంది. చూస్తే నాలుగే! పిల్లలందరి ముందూ నాకు తల తీసేసినట్టయిందనుకోండి. ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పుకుని ఒకటే నవ్వు.’

‘మరి ఏం చెయ్యమంటారండీ?’

‘ఐదు తరగతులకి నేనొక్కణ్ణి. నిజం చెప్పాలంటే ఈ పిల్లని ఇక్కడ కూచోబెట్టి నేనే పాడుచేస్తున్నానమ్మా. బెజవాడలో, గవర్నరుపేట అవతల, ఆడపిల్లలకి బోర్డింగు స్కూలుంది. తిండీ బట్టా వాళ్లే చూసుకుంటారు. నేను చెబితే తీసుకుంటారు. హిందువుల పిల్లలూ ఉన్నారక్కడ, మీరేం భయపడక్కర్లేదు. ఇన్నేళ్లుగా పిల్లలకి చెబుతున్నాను, ఇట్లాంటి పిల్లని నేను చూళ్లేదు. రేపు ఈ పిల్ల డాక్టరైనా ఆశ్చర్యపోను. మీ అన్నయ్యగారిని ఒక్కసారి రమ్మనండి. నేను చెబుతాను.’

చెబుతున్నంతసేపూ ఆయన మొహం వెలిగిపోతూనే ఉంది. సొంత కూతురి గురించి చెప్పుకుంటున్నట్టుగా చెప్పారు. ఆ మాటలు ఒక్కటీ మర్చిపోలేదు నేను. మర్చిపోవాలని ఎంత చూశానో.

అక్కడితో లేచి వచ్చేసి ఉంటే ఏమయ్యేదో! లేవబోతూ ఒక్క మాట అడిగాను. ‘మా వాడు ఎట్లా చదువుతున్నాడండీ?’

ఆయన సుద్దముక్కని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. ‘కోటేశు మంచివాడమ్మా. ఎవరి జోలికీ పోడు’ అన్నారు.

ఇంకేమైనా అంటారేమో అని నిలబడ్డాను. ఇంకేమీ అనలేదు.

ఆ మాటలో చెడ్డేముంది? కొడుకుని మంచివాడంటే ఏ తల్లైనా సంతోషించాలి. నాకు మాత్రం ఒళ్లంతా మండిపోయింది. ఒక పిల్ల గురించి చెప్పడానికి అన్ని మాటలున్న మనిషికి, నా కొడుకు దగ్గరికొచ్చేసరికి ఇంతేనా దొరికింది? తండ్రి లేని పిల్లాడని కూడా లేదా? ఆయన మీద కోపమా, నాంచారి మీదా, లేక ఏ లెక్కా రాకుండా కాలవలో చేపపిల్లల్ని చూస్తూ కూచునే నా కొడుకు మీదా? ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. నాంచారి చెయ్యి పట్టుకుని బయల్దేరాను.

కాలవ మీది వంతెన దాటేదాకా నా మనసులో అబద్ధం లేదు. ఒట్టు పెట్టి చెప్పగలను. దాటాక, ఆ పిల్ల బెజవాడ నుంచి వచ్చి మా వీధిలో జట్కా దిగుతున్నట్టు కనిపించింది. చేతిలో పెట్టె, కాళ్లకి చెప్పులు. కోటేశు మగ్గం గుంటలోంచి తలెత్తి చూస్తున్నాడు. ఆ పిల్ల వీణ్ణి చేసుకుంటుందా? చేసుకోమని ఎవరైనా అనగలరా? వీడికి వేరే పిల్ల దొరకదని కాదు. ఆ వేరే పిల్ల వచ్చాక ఈ ఇంట్లో మేమెక్కడ ఉంటాం? అన్నయ్య తర్వాత నన్నెవరు ఉంచుకుంటారు? వీధి మొదట్లో ఎవరో పడుగు దారాలు పొడుగునా చాచి గంజి పెడుతున్నారు. పక్కనుంచి తప్పుకుని నడిచాను. ఇల్లు చేరేసరికి ఏం చెప్పాలో నోట్లో సిద్ధంగా ఉంది.

‘మాస్టారేమన్నాడు?’ అన్నాడు అన్నయ్య.

‘పిల్లకి ధ్యాస నిలవట్లేదటన్నయ్యా. ఇంకా పసితనం పోలేదట. ఈ ఏడుకి మానిపించి, వచ్చే ఏడు పంపితే చూద్దామన్నారు.’

‘వచ్చే ఏడు’ అని ఎందుకు చేర్చాను? అబద్ధం చిన్నదిగా ఉంటుందని. ఏడాదే కదా, ఏడాదిలో ఏం మునిగిపోతుందని. అంత చిన్న అబద్ధానికి దేవుడు కూడా పెద్దగా పట్టించుకోడని.

అన్నయ్య మగ్గం మీంచి చెయ్యి తీశాడు. ‘నిజంగా అట్లా అన్నాడా?’ అన్నాడు. అన్నారన్నాను. ఇంకాసేపటికి మళ్లీ అడిగాడు. మళ్లీ అన్నారన్నాను. రెండోసారి అబద్ధం ఎంత తేలిగ్గా వస్తుందో నాకు ఆ రోజే తెలిసింది. నాంచారి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, పలక గుండెకి ఆనించుకుని. నేను దాని వంక చూడలేదు.

మర్నాటినుంచి ఆ పిల్లని రాట్నం దగ్గర కూచోబెట్టారు. నాన్న మగ్గానికి నూలు కండెలు చుట్టడం దాని పని. పొద్దున్నే కూచుంటే అలా చుడుతూనే ఉండేది. మారాం చేస్తుందనుకున్నాను, చెయ్యలేదు. బడికెళతానని ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. విసుగన్న మాట ఆ పిల్ల నోట మళ్లీ రాలేదు. పరికిణీ అంచు పీకడమూ మానేసింది. వదిన సంతోషించింది. ‘దారికొచ్చిందే’ అంది. నాకు మాత్రం ఆ రోజు మొదలు ఆ ఇంట్లో ఏదో సరిగా లేదనిపించేది.

మాస్టారు ఊరుకోలేదు. కోటేశు చేత రెండు మూడుసార్లు కబురు పంపారు. ఆ కబుర్లు నా దగ్గరే ఆగిపోయాయి. ఒకరోజు ఆయనే బయల్దేరి వచ్చారు. అదృష్టమో దురదృష్టమో, వీధి మొదట్లోనే నా కంటబడ్డారు. నా చంకలో నీళ్లబిందె ఉంది. ఆ మనిషి ఇంకో పది ఇళ్లు దాటితే మా గుమ్మం.

ఆయనకి అడ్డం నిలబడి, అన్నయ్యకి ఇష్టం లేదని చెప్పాను. నేనొక్కసారి మాట్లాడి చూస్తానమ్మా అన్నారు. అప్పుడన్నాను ఆ మాట. మొదటి అబద్ధం కంటే ఇది పెద్దది. ‘మీరు పిల్లని మీ మతంలో కలుపుకోడానికే బెజవాడ పంపుతున్నారని మావాళ్లు అనుకుంటున్నారండీ. మీరు గుమ్మమెక్కారంటే రేపట్నుంచి ఈ వీధి పిల్లలెవరూ మీ బడికి రారు.’

ఎవరూ అలా అనుకోలేదు. ఎవరికీ ఆ సంగతే తెలియదు. నేను ఒక్కదాన్నే పుట్టించాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన బడి నిండేదే మా వీధి పిల్లలతో. కాసేపు తన కాళ్ల వంక చూసుకున్నారు. ‘పిల్లకి పలక మాత్రం ఇస్తుండండమ్మా’ అని వెనక్కి తిరిగారు. ఆయన కాలవ దాకా నడిచి వెళ్లేవరకూ బిందె దించకుండా అక్కడే నిలబడ్డాను, మనసు మార్చుకుని తిరిగొస్తారేమోనని.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. అన్నయ్య సంగతి మర్చిపోయాను. కూతురు రాట్నం ముందు కూచుంటే అన్నయ్య చూసి తట్టుకోలేకపోయేవాడు. ఆ బాధంతా మాస్టారి మీదికి మళ్లింది. పడుగు పని చేసేచోట పదిమందీ చేరినప్పుడు అనేవాడు: ‘ఏడేళ్ల పిల్లకి ధ్యాసెట్లా ఉంటుందండీ? నేర్పలేక మానిపించమన్నాడు. ఆయన మతం పిల్లయితే ఇట్లా పొమ్మనేవాడా?’ ఒక నోటినుంచి ఇంకో నోటికి ఆ మాట పాకింది. ముందు ఒక ఇంటివాళ్లు ఆడపిల్లని మానిపించారు. తర్వాత ఇంకొకళ్లు. మగపిల్లల్ని కూడా ఎక్కడెక్కడికో పంపారు. నేను ఆయన్ని బెదిరించడానికి కల్పించింది నా అన్నయ్య నోటితోనే జరిగిపోయింది. కళ్ల ముందు చూస్తూ ఉన్నాను. ఎవరి పిల్లని ఎందుకు మానిపిస్తున్నారో ఆ వీధి మొత్తం మీద నాకొక్కదానికే తెలుసు.

ఏడాది తిరిగేసరికి అన్నయ్య మర్చిపోకుండా అన్నాడు, ఈ ఏడు పంపుదామా అని. అప్పటికి బడి తలుపులు మూసేశారు. దేవదానం మాస్టారిని మిషను వాళ్లు ఇంకో ఊరికి పంపేశారు. వెళ్లేరోజు ఆయన సామాను బండి మా వీధి చివరనుంచే పోయిందట. ఆ కబురు విన్నప్పుడు నాకెంత తెరిపిగా అనిపించిందో! ఆ తెరిపిని తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతుంది.

తర్వాత ఎక్కడో దేశాల మధ్య జరుగుతున్న యుద్ధం మా ఇంట్లోకి కూడా వచ్చింది. నూలు దొరికేది కాదు. మగ్గం వారాల తరబడి ఖాళీగా ఉండేది. అన్నయ్య తను తినడం తగ్గించుకుని మా తల్లీకొడుకుల్ని పోషించాడు. ఆ అన్నం తింటూ కూడా నేను నోరు విప్పలేదు. విప్పితే ఆ అన్నం ఉండదు కాబట్టే విప్పలేదు.

నాంచారి పెద్దదవుతోంది. తక్కువ మాట్లాడేది. ఎంత అణకువైన పిల్ల అని వీధిలో అందరూ మెచ్చుకుంటుంటే, నేను అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయేదాన్ని. బెల్లం కట్టుకొచ్చిన కాగితం ముక్క కనిపిస్తే చాలు, విప్పి ఆ చివరినుంచి ఈ చివరిదాకా చదివేది. నేను అటు వస్తే మడిచి పెట్టేసేది. కోపంగా కాదు. తొందరగా కూడా కాదు. నింపాదిగా మడిచి, నా వంక ఒకసారి చూసి, మళ్లీ పనిలో పడేది. ఒకసారి నాకు జ్వరమొస్తే గంజి కాచి తెచ్చింది. గ్లాసు నా నోటికి అందించి, నా మొహంలోకే చూస్తూ కూచుంది. అప్పటికి దానికి పదకొండేళ్లుంటాయేమో. ఆ గంజి తాగడానికి నాకు భయమేసింది. పిచ్చిదానా, పసిపిల్ల నిన్నేం చేస్తుందే అనుకున్నాను. తాగాను. అందులో ఏమీ లేదు, ఉప్పు కాస్త ఎక్కువైంది. దానికి తెలుసా? తెలిస్తే ఎందుకు ఊరుకుంది? ఎప్పుడు బయటపెడుతుంది? అన్నయ్య గొంతు కాస్త పెద్దదైనప్పుడల్లా ఇవాళేనేమో అనుకునేదాన్ని.

మొన్న మాఘంలో అన్నయ్యే అన్నాడు: ‘నాంచారిని మన కోటేశుకి చేసేద్దామమ్మా. వాడికి పని వచ్చింది. ఎవరి జోలికీ పోడు, మంచివాడు.’

అవే మాటలు. దేవదానం మాస్టారు అన్న మాటలే అన్నయ్య నోట. నేను ఇన్నేళ్లు కోరుకున్నది కోరుకున్నట్టు నా ముందుకొచ్చింది. ఏడుపొచ్చింది. సంతోషంతో ఏడుస్తున్నాననుకుని అన్నయ్య నా తల నిమిరాడు.

ఈ ఉదయం ముత్తయిదువలంతా ముందరి వసారాలో పసుపు దంచడానికి చేరారు. అలాంటి చోట నేను ఉండకూడదు కదా. పెరట్లో చాప వేసుకుని పెళ్లి బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. నాంచారి వచ్చి ఎదురుగా కూచుంది. పిలవలేదు నేను. చేట దగ్గరికి లాక్కుని తనూ ఏరడం మొదలుపెట్టింది. పెళ్లికి ముందు చెబితే ఇంకా ఆపడానికి వీలుంటుంది అనుకున్నాను. నిజంగా అందుకే చెప్పానా? పెళ్లయ్యాక ఒకే ఇంట్లో కోడలిగా ఆ చూపుని బతికున్నంతకాలం భరించలేక చెప్పానా? ఏమో. చెప్పేశాను. ‘నాంచారీ, ఆ రోజు మాస్టారు నిన్ను మానిపించమనలేదే’ అన్నాను.

దాని చెయ్యి ఆగలేదు. ‘తెలుసు’ అంది.

‘ఎట్లా తెలుసు?’

‘కిటికీలోంచి చూశా. మాస్టారు నవ్వుతా చెబుతున్నాడు. పనికిరాని పిల్ల గురించి అంతసేపు అట్లా నవ్వుతా చెబుతారా ఎవరన్నా?’

ఏడేళ్ల పిల్ల. కిటికీలోంచి ఒక మొహం చూసింది, అంతే. ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి నా అబద్ధం విన్నది. రెండుసార్లు విన్నది.

‘మరి నాన్నకి ఎందుకు చెప్పలేదే?’

‘దారంతా నా చెయ్యి నొక్కి పట్టుకున్నావు. నొప్పెట్టింది. నీ మొహం చూస్తే భయమేసింది. తర్వాత బడే లేదుగా, ఇంకేం చెప్పను?’

నేను లేవబోయాను. ఇప్పుడే వెళ్లి అన్నయ్యకి చెప్పేస్తాను, ఈ పెళ్లి ఆపేయిస్తాను అన్నాను. అప్పుడు మాత్రం నాంచారి తలెత్తింది.

‘ఆపి ఏం చేస్తావత్తా? నన్ను తీసుకెళ్లి రెండో తరగతిలో కూచోబెడతావా?’

మళ్లీ చాప మీద కూచున్నాను.

‘నాన్నకి చెప్పొద్దు. మాస్టార్ని ఎన్ని మాటలన్నాడో నాన్నకి గుర్తే. ఆయన తప్పేం లేదని తెలిస్తే నాన్న మనిషి కాడు’ అంది. ఇంకో గుప్పెడు బియ్యం చేటలోకి తీసుకుంది. కాసేపటికి, బియ్యం వంకే చూస్తూ అడిగింది: ‘ఏమన్నాడో చెప్పు. నాకు కనపడిందే కానీ వినపడలేదు. నా గురించి ఏమన్నాడు?’

చెప్పాను. పలక బోర్లించి కూచుంటుందన్నది చెప్పాను. మూడో తరగతి లెక్కలు చెప్పాను. బోర్డు మీద మూడు కాదు నాలుగన్నది, ఇంటికెళ్లి భార్యతో నవ్వుకున్నది చెప్పాను. బెజవాడ స్కూలు చెప్పాను. ఇట్లాంటి పిల్లని చూళ్లేదన్నారని చెప్పాను. డాక్టరైనా ఆశ్చర్యపోనన్నారని చెప్పాను. నాంచారి ఏరడం ఆపేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వింది. ఎప్పుడూ అంత దగ్గరగా జరిగి నా మాట వినలేదు ఆ పిల్ల.

‘నాలుగే. నాకు గుర్తుంది’ అంది. మళ్లీ చెప్పమంది. మళ్లీ మొదట్నుంచి చెప్పాను. ఒక్క మాట మార్చలేదు. ఇంతలో వసారాలోంచి వదిన పిలిచింది. పెళ్లికూతురు లేకుండా పసుపేమిటని ఆడవాళ్లు నవ్వుతున్నారు. నాంచారి లేచి, పరికిణీకంటిన ఊక దులుపుకుని వెళ్లింది. క్షమించాననలేదు. నేను అడగలేదు. అడిగే మొహం ఉందా నాకు?

అన్నయ్యకి చెప్పలేదు. ఇక చెప్పను. అది వద్దన్నది కాబట్టి చెప్పడం లేదా? వద్దంటే బాగుండునని మనసులో అనుకుంటూనే ఆ పిల్లకి ముందు చెప్పానా? ఈ రెంటిలో ఏది నిజమో మీరే చెప్పండి. నాకు తెలియదు. దేవదానం మాస్టారు ఎక్కడున్నారో, ఉన్నారో లేదో కూడా తెలియదు. ఆయన్ని గురించి తప్పుగా అనుకునే వీధి ఇది ఇంకా. అది అలాగే ఉండిపోతుంది. ఎల్లుండి పెళ్లి జరుగుతుంది. కోటేశు మంచివాడే, దాన్ని ఒక్క మాట అనడు. దానికి విసుగు పుడితే మాత్రం ఏం చెయ్యాలో వాడికి తెలియదు, నాకూ తెలియదు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. ఇదే అన్నిటికంటే రాయడానికి కష్టంగా ఉంది. నాంచారి వెళ్లాక నాకు ఒళ్లు తేలికపడింది. ఎనిమిదేళ్ల తర్వాత మొదటిసారి ఆకలేసింది, మామూలుగా అందరికీ వేసినట్టు. మధ్యాహ్నం గిన్నె వంక చూడలేదు, వదిన మొహం చూడలేదు. అడిగి మరీ రెండోసారి కూర వేయించుకుని కడుపునిండా తిన్నాను. వడ్డించింది నాంచారే.